ముందు ఎదుటివారి మాట

వీరదుర్గ చేను మండపేట దగ్గర, కాలవ నీళ్లు పొలాలకి తెచ్చే పంటబోదెకి చిట్టచివర. రెండో పంట, దాళ్వా వరి పొట్ట మీదుంది. మూడు రోజుల్లో నీళ్లు రాకపోతే కంకులన్నీ తాలే. పై చేను సత్తియ్యేమో, వరసకి అన్నయ్యే అయినా, నీటి వంతు తనదంటూ బోదెకి వేసిన అడ్డకట్ట తియ్యడు. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. పోలీసు స్టేషన్ దాకా వెళ్లొచ్చారు, ఏం ఒరిగింది? ఇద్దర్నీ సమానంగా తిట్టి పంపేశారు.

చివరికి ఫాదర్ విజయ్ పాల్ గారి దగ్గర తేలారు. బోదె పక్కనే చర్చి. ఆయన రోమ్‌లో పాతకాలపు తత్వశాస్త్రం చదివొచ్చిన మనిషి. వీళ్లు హిందువులే అయినా, ఆ వరండాలో కూర్చుని గోడు చెప్పుకోవడం ఊళ్లో అందరికీ అలవాటే.

"తీర్పు నేను చెప్పనండి," అన్నారు ఫాదర్. "ఎనిమిది వందల ఏళ్ల కిందట మా సన్యాసుల బడుల్లో వాదానికో కట్టుబాటు ఉండేది. ముందు ఎదుటివాడి మాట నువ్వే చెప్పాలి, వాడికంటే గట్టిగా. 'అవును, నేననేది అదే' అని వాడు ఒప్పుకున్నాకే నీ జవాబు. ఇవాళ టీవీల్లో అరుచుకునేవాళ్లని చూస్తుంటే ఆ బడి మళ్లీ తెరవాలనిపిస్తుంది నాకు. సత్తియ్య గారి తరఫున మీరు చెప్పండి, వీరదుర్గ గారూ."

ఇదేం చోద్యం!

"చెప్పడానికేముందండీ? నా చేను ఎండితే ఆయనకి సంబరం."

"అది కాదు," అన్నాడు సత్తియ్య, నేల చూస్తూ.

"పోనీ, వంతు ఆయనదని పంతం."

"అదీ కాదు."

మూడోసారి నోరు తెరిచి ఆగిపోయింది వీరదుర్గ. ఆయన గట్టు మీద తనే నిలబడి, అక్కణ్నుంచి తన చేను వంక చూస్తున్నట్టు ఊహించుకుంది.

"'పోయినేడు వీరదుర్గ బతిమాలితే నా వంతు వదిలేశాను. మర్నాడే కాలవకి నీళ్లు ఆపేశారు. ఆవిడ చేను పండింది, నా ఎకరం తాలు పోయింది. ఆ తాలు నేను కోస్తుంటే ఆవిడ గట్టు మీంచే వెళ్లింది. ఒక్కసారి...'" తలెత్తి సత్తియ్య వంక చూసింది. "'ఒక్కసారైనా నా చేను వంక చూడలేదు.'"

"అవును," అన్నాడు సత్తియ్య, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ. "నేననేది అదే."

వీరదుర్గ నమ్మలేకపోయింది. ఆ మనిషి ఏడాదిగా ఎవరికీ చెప్పుకోని మాట తన నోట్లోంచి వచ్చింది!

ఇక సత్తియ్య వంతు. వీరదుర్గ తరఫున మాట ఎత్తుకున్నాడు.

"'చూడకూడదని కాదు, సిగ్గేసింది. అన్నయ్య నోటికాడి కూడు తిన్నాను. ఏ మొహం పెట్టుకుని పలకరించను?'"

అమ్మ బాబోయ్! ఈ మాట కన్నతల్లికి కూడా చెప్పలేదే తను! ఎప్పటి సన్యాసులు, ఎక్కడి కట్టుబాటు, ఎక్కడి బోదె! దేవుడి ఎదుట నిలబడ్డట్టు వీరదుర్గ రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

"అవునండీ," అంది. "అదే."

"ఇప్పుడు జవాబులు చెప్పుకోండి," అన్నారు ఫాదర్.

సత్తియ్య లేచి పార భుజాన వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి నీళ్లు చివరి మడిదాకా వచ్చేశాయి. వీరదుర్గ తన చేను దగ్గర ఆగలేదు. బోదె వెంట నడుచుకుంటూ సత్తియ్య పొలానికి వెళ్లింది. మెరక మడి నెర్రెలిచ్చి ఉంది, నీళ్లేమో దాని పక్కనుంచే కిందికి పోతున్నాయి. ఈ ఏడూ నీళ్లన్నీ తనకే వదిలేశాడు మహానుభావుడు! చీర కుచ్చిళ్లు ఎగదోపి బోదెలోకి దిగి, రెండు మట్టిపెళ్లలు అడ్డం పెట్టి సగం నీళ్లు ఆ మడికి మళ్లించింది.

అవతలి గట్టు మీంచి సత్తియ్య కేకేశాడు. "ఎవరది?"

"నేనే అన్నయ్యా," అంది వీరదుర్గ. "మీ చేను చూడ్డానికొచ్చానండీ."