ఇనుము వినపడని మెషిన్

మట్టిలో పాత నాణేలు వెతకడానికి గ్లెండా లార్టర్ మెటల్ డిటెక్టర్ ఎంచుకున్న తీరు చూసి దుకాణం అతనికే ముచ్చెమటలు పట్టాయి. ఎంత లోతు చూస్తుందని గానీ, తెర మీద ఏమేం కనిపిస్తాయని గానీ ఆమె అడగలేదు. ఒక్కొక్క మెషిన్‌నీ చేతిలోకి తీసుకుని, మోచేతి దగ్గర పట్టీ బిగించి, గచ్చు తుడుస్తున్నట్టు ఇటూ అటూ ఊపుకుంటూ దుకాణమంతా నడిచింది. మొదటిది పోత ఇనుప మూకుడంత బరువు. రెండోది తేలికే గానీ దాని బటన్లు చేతి తొడుగులు వేసుకుంటే దొరకవు. ఫిబ్రవరి గాలిలో నార్ఫోక్ పొలాల్లో తొడుగులు తీసేవాళ్ళెవరని దాన్నీ పక్కన పెట్టేసింది.

అప్పుడతను చెక్క పలక మీద గుప్పెడు తుప్పు మేకులు పోసి, మధ్యలో అరిగిపోయిన పాతకాలపు వెండి నాణెం ఒకటి పెట్టాడు. మూడో మెషిన్ చివరనున్న గుండ్రటి కాయిల్‌ని గ్లెండా వాటి మీదుగా తిప్పింది. మేకుల మీద అది నోరు విప్పలేదు. నాణెం దగ్గర మాత్రం పిట్ట కూసినట్టు సన్నగా పలికింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే. ఇరవై ఏళ్ళు బడిపిల్లల వంటశాలలో పనిచేసిన మనిషి ఆమె. అంత గోలలోనూ తనకు కావలసిన ఒక్క మాట వినడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఇదే కావాలంది.

ఇంటికి వస్తూ దారి పొడుగునా దాని గుణగణాలే చెప్పింది. భర్త క్లైవ్ బండి నడుపుతూ అన్నీ విని, తనకు అర్థమైనదల్లా ఒక్కటేననీ, ఇనుమంటే వినపడని మెషిన్ కొనడానికి ఇంత దూరం వచ్చారనీ అన్నాడు. సరిగ్గా అదేనంది గ్లెండా. ఈ దేశంలో ఏ పొలం చూసినా మేకులూ, లాడాలూ, తీగముక్కలే. వాటన్నిటినీ తవ్వుతూ కూర్చుంటే మంచివి దొరికేసరికి నడుము పడిపోతుంది.

అంత మంచి మెషిన్ వచ్చాక దానికి తగ్గ నేల కూడా ఉండాలి కదా. ఈ సరదా ఉన్నవాళ్ళు, తవ్వుకోవడానికి యజమాని ఒప్పుకున్న పొలాన్ని పొలం అనరు, పర్మిషన్ అంటారు. నీకెన్ని పర్మిషన్లున్నాయి, నా పర్మిషన్‌లో ఈ ఏడు బార్లీ వేశారు, ఇలా సాగుతుంది మాట. గ్లెండాకున్న పర్మిషన్ ఒక్కటే. ఊళ్ళోని డిటెక్టర్ల క్లబ్బు వాళ్ళంతా ఎన్నో ఏళ్ళుగా దువ్వెనతో దువ్వినట్టు దువ్వేసిన బీట్ దుంపల చేను. ఆమె కన్నంతా చాపెల్ క్లోజ్ మీద ఉంది. బ్రాక్‌లింగ్‌హామ్ చర్చి వెనకనున్న పచ్చిక బయలు అది. ఒకప్పుడు అక్కడ సంత జరిగేదంటారు. సంత జరిగిన చోట జనం జేబుల్లోంచి జారినవన్నీ మట్టిలోనే ఉంటాయి.

ఆ బయలు మేవిస్ కాచ్‌పోల్‌ది. డెబ్బై ఆరేళ్ళ వయసులోనూ ట్రాక్టర్ తానే నడిపే మనిషి. వెనకెప్పుడో ఎవరో వచ్చి తవ్విన గుంటలు పూడ్చకుండా పోతే, వాటిలో ఒక పెయ్య కాలు పడి కుంటిదైంది. ఆనాటి నుంచి డిటెక్టర్ పట్టుకున్నవాళ్ళెవరినీ ఆమె గేటు దాటనివ్వలేదు. గ్లెండా మూడుసార్లు అడిగి మూడుసార్లూ ఉత్త చేతులతోనే వచ్చింది. అలాంటిది జూలైలో ఒక శనివారం పొద్దున్నే మేవిస్ తనంతట తానే ఫోన్ చేసి, నీ మెషిన్ తీసుకుని రమ్మంది.

గ్లెండా వెళ్ళేసరికి చాపెల్ క్లోజ్‌లో కోసిన గడ్డి ఎండి వరుసలు వరుసలుగా పడి ఉంది. మేవిస్ గేటు మీద చేతులాన్చి నిలబడి ఉంది. యాభై ఎనిమిదేళ్ళ గ్లెండాని అమ్మాయ్ అనగలిగేది ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే.

"చూడమ్మాయ్, నా గడ్డి తిరగేసే యంత్రానికి పన్ను ఒకటి ఊడింది. ఈ గడ్డిలోనే ఎక్కడో ఉంది. మధ్యాహ్నం గడ్డిని మోపులు చుట్టే బేలర్ వస్తుంది. గడ్డితోపాటు దాన్నీ మింగిందంటే యంత్రం పాడైపోతుంది, లేదా ఏ ఆవు కడుపులోకో పోతుంది. ఈలోగా తీసిచ్చావా, నేను బతికున్నన్నాళ్ళూ ఇక్కడ తవ్వుకో. లేకపోతే వెళ్ళేటప్పుడు గేటు వేసి వెళ్ళు. మళ్ళీ అడగొద్దు."

పన్ను అంటే మూరెడు పొడుగున, వేలంత లావున ఉండే ఉక్కు కడ్డీ. అంత పెద్ద వస్తువుని వెతకడం తనలాంటిదానికొక పనా అనుకుంది గ్లెండా. హెడ్‌ఫోన్లు పెట్టుకుని చర్చి వైపు మూల నుంచి మొదలుపెట్టింది. ఒక వరుస మీదుగా వెళ్ళి, పక్కనున్న ఖాళీ నేల మీదుగా వెనక్కి రావడం, ఇల్లు ఊడ్చినట్టు ఒక్క జానెడు కూడా వదలకుండా. కొత్త మెషిన్ చేతిలో దూదిలా ఉంది. ఎంత నెమ్మదైన పొలమో అనుకుంటూ నడిచింది. నడుమ మూడుసార్లు పిట్ట కూసింది. తవ్వాలని చేతులు దురద పెట్టినా, తనను పిలిచింది పన్ను కోసమేనని గుర్తు చేసుకుని ముందుకే వెళ్ళింది.

పొద్దెక్కింది. పొలమంతా అయిపోయింది. పన్ను లేదు. ఆ మాటే వెళ్ళి మేవిస్‌కి చెప్పింది. తన మెషిన్ మంచిదనీ, తాను అంగుళం కూడా వదల్లేదనీ, అది వేరే పొలంలో ఊడి ఉంటుందనీ చెప్పింది. ఈ బయల్లోకి వచ్చేటప్పుడు పళ్ళన్నీ లెక్కపెట్టుకుని వచ్చాను, పోయేటప్పుడు ఒకటి తక్కువైంది, నా లెక్క తప్పదు అంది మేవిస్. అంతలో సందులోంచి బేలర్ చప్పుడు వినపడింది. డ్రైవర్ గేటు దగ్గర ఇంజన్ ఆపి, ఫ్లాస్కు మూత తిప్పుతూ, తనకి సాయంత్రానికి ఇంకో రెండు పొలాలున్నాయని తాపీగా చెప్పాడు. ఈ టీ అయ్యేదాకా ఆగమంది మేవిస్.

గ్లెండా హెడ్‌ఫోన్లు మెడలోకి దించి, మెషిన్ చప్పుడు బయటికే వినపడేలా పెట్టింది. మళ్ళీ మొదటి వరుస నుంచి మొదలుపెట్టింది గానీ ఈసారి అడుగులో ఆ ధీమా లేదు. క్లైవ్ అప్పుడే జున్నూ ఊరగాయా పెట్టిన శాండ్‌విచ్‌లు తీసుకుని వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టు ఆమె పక్కనే నడవసాగాడు. తాను పనిచేసే చక్కెర ఫ్యాక్టరీలో వేసుకునే బూట్లే అతను పొలానికీ, బజారుకీ, చివరికి పెళ్ళిళ్ళకీ వేసుకునేవాడు. వాటి ముందు భాగంలో ఉక్కు రేకు ఉంటుంది. పాత మెషిన్ ఉన్న రోజుల్లో అతను దగ్గరికొస్తే అది గగ్గోలు పెట్టేది. గ్లెండా అతన్ని పొలం గట్టు మీదే నిలబెట్టేది.

శాండ్‌విచ్ అందిస్తూ క్లైవ్ అన్నాడు. "నా బూట్ల మీద దీనికి కోపం పోయినట్టుందే. ఇందాకటి నుంచి పక్కనే నడుస్తున్నా, ఒక్క తిట్టూ తిట్టలేదు."

గ్లెండా ఆగిపోయింది. కాయిల్‌ని మెల్లగా అతని కుడి బూటు మీదికి తెచ్చింది. నిశ్శబ్దం. ఎడమ బూటు మీదికి తెచ్చింది. అదీ నిశ్శబ్దమే. ఆమె ముఖం గేటు దగ్గరి నుంచి కూడా కనిపించేంత ఎర్రబడింది.

"క్లైవ్, పన్ను ఇనుమేగా."

"ఉక్కు. అయినా ఇనుమే."

పదేళ్ళుగా ఇనుము మాట వింటే చెవులు మూసుకోవడం నేర్చుకున్న మనిషి, ఆ పని తనకన్నా బాగా చేసే మెషిన్ కొనుక్కుని, దానితో ఇనుము వెతకడానికి వచ్చింది. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఆ పన్ను మీదుగా నడిచిందో. ఆమె బటన్ నొక్కి ఇనుముకి అడ్డు తీసేసింది.

పొలం ఒక్కసారిగా నోరు తెరిచింది. భోజనాల గంట కొట్టగానే బడిపిల్లలంతా వంటశాలలోకి పడ్డట్టు నాలుగు వైపుల నుంచీ గోల. సంత పాకల మేకులు, గుర్రపు లాడాలు, కంచె తీగలు, అన్నీ ఒకేసారి మాట్లాడుతున్నాయి. ఇందులో పన్ను గొంతు ఏదని క్లైవ్ అడిగాడు. గ్లెండా కళ్ళు మూసుకుని ఒక నిమిషం నిలబడింది. తర్వాత కాయిల్‌ని నేల మీంచి మోకాలి ఎత్తుకి లేపింది. చిన్న చిన్న గొంతులన్నీ అణిగిపోయాయి. మట్టి లోపలున్న మేకు అరుపు అంత పైకి రాదు. పైనే పడి ఉన్న పెద్ద ఇనుము గొంతు మాత్రం వస్తుంది.

అలా మోకాలి ఎత్తున పట్టుకుని వరుసల మీదుగా గబగబా నడిచింది. చెయ్యి లాగేస్తున్నా దించలేదు. డ్రైవర్ టీ తాగేసి ఫ్లాస్కు మూత బిగించాడు. గడ్డి తిరగేసే యంత్రం ఊడిన పన్నుని గడ్డితోపాటు ఈడ్చుకుంటూ పోయి మలుపులో వదిలి ఉంటుందని గ్లెండాకి అప్పుడు తోచింది. మధ్య వరుసలన్నీ వదిలి, ట్రాక్టర్ తిరిగే కంచె వారకి వెళ్ళింది. మూడో మలుపు దగ్గర మోకాలి ఎత్తునే మెషిన్ గట్టిగా అరిచింది. క్లైవ్ గడ్డిలో చెయ్యి పెట్టి, వంకర తిరిగిన ఉక్కు కడ్డీని బయటికి లాగాడు.

మేవిస్ దాన్ని అందుకుని విరిగిన చివర వేలితో తడిమి, బేలర్‌ని రమ్మని చెయ్యి ఊపింది. తర్వాత గ్లెండా వైపు తిరిగింది. పొద్దున దొరకనిది ఇప్పుడెలా దొరికిందని అడిగింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ క్లైవ్ పక్కనే ఉన్నాడు, ఎలాగూ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"ఇనుము వినపడదనే ఈ మెషిన్ కొన్నాను, మిసెస్ కాచ్‌పోల్. ఇనుముకి అడ్డుపెట్టే బటన్ ఆపడం మరిచిపోయాను," అంది గ్లెండా.

మేవిస్ ఆమెనీ, మెషిన్‌నీ మార్చి మార్చి చూసింది. "మా ఆయనా అంతేనమ్మా. తనకి కావలసిందే వినపడేది. నలభై ఏళ్ళు ఆ బటన్ ఎక్కడుందా అని వెతికాను."

మాట ఇచ్చాక తప్పేదేముంది. చాపెల్ క్లోజ్ గ్లెండా పర్మిషన్ అయింది. అయితే మేవిస్ హెడ్‌ఫోన్లు తీసుకుని తన చెవులకి పెట్టుకుని, కాయిల్‌ని తానే రెండడుగులు తిప్పి చూసింది. కింద ఇంత ఇనుముందా అని అడిగింది. ఉందని చెప్పక తప్పలేదు. అయితే ముందు అదంతా తియ్యమనీ, ఈ నేల మీద పశువులు తిరుగుతాయనీ, ఆ తర్వాత రాజులూ రాణుల నాణేలు ఎన్ని కావాలంటే అన్ని తవ్వుకోమనీ, తవ్విన గుంట తవ్వినట్టే పూడ్చమనీ చెప్పి కొట్టంలోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో బకెట్ ఉంది.

బేలర్ అటు చివర గడ్డి చుడుతూ ఉండగా, ఇటు చివర గ్లెండా మోకాళ్ళ మీద కూర్చుని మొదటి మేకు తీసింది. రెండోది లాడం ముక్క. మూడోది ఏమిటో ఎవరికీ తెలియలేదు. గ్లెండా వేలు ఒకటి రెండుసార్లు బటన్ వైపు వెళ్ళకపోలేదు గానీ, మేవిస్ కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చుంది.

"ఆ కాలు తియ్యమ్మాయ్, దాని కింద ఇంకోటి తొంగిచూస్తోంది," అంది మేవిస్. బకెట్ నిండితే కొట్టంలో ఇంకోటి ఉందని కూడా చెప్పింది.