లేని ముగింపును మోసిన నల్లబల్ల

నేను ఒక నల్లబల్లను. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఒళ్లంతా వేపచెక్క. సుద్దముక్క పట్టుకున్న మనిషి ఏం రాస్తే అది మోయడమే నా పని. రెండు రెళ్లు ఐదని రాసినా కిక్కురుమనకుండా మోయాలి. ఇన్నేళ్లూ అలాగే మోశాను. ఇప్పుడు మాత్రం కడుపు మండి చెబుతున్నాను, వినండి.

నన్ను తెనాలిలో ఒక వడ్రంగి మూడు చెక్కలు అతికించి తయారుచేశాడు. బొగ్గుపొడిలో దొండాకు పసరు కలిపి నాకు నలుపు పట్టించారు. ఇరవై రెండేళ్లు ఒక బడిలో పనిచేశాను. అక్కడ పిల్లలు నా మీద బోలెడు తప్పులు రాసేవారు. కానీ తప్పు వేరు, అబద్ధం వేరు. తప్పు రాసిన పిల్ల నాలుక కరుచుకుని అరచేత్తో చెరిపేసుకునేది. పెద్దవాళ్లు అలా చెరుపుకోరని నాకు అప్పట్లో తెలియదు. బడికి తెల్లబల్లలు వచ్చాక నన్ను వరండాలో గోడవైపు తిప్పి నిలబెట్టారు. ఆ వీధి చివర గ్రంథాలయం నడిపే సుదర్శనంగారు ఒకరోజు చూసి, హెడ్మాస్టరుగారిని అడిగి, నన్ను రిక్షాలో వేయించుకుని తీసుకెళ్లారు.

సుదర్శనంగారు మంచివారు. మంచివారేగాని మెత్తని మనిషి. పుస్తకం తీసుకెళ్లినవాళ్లు మూడు సంగతులు నా మీద రాయాలని ఆయన ఒక పద్ధతి పెట్టారు. తమ పేరు, చదువుతున్న పుస్తకం పేరు, అందులో నచ్చిందేమిటో ఒక్క ముక్క. అది చూసి ఎవరికైనా ఆ పుస్తకం మీద మనసైతే దాని కింద తమ పేరు రాసుకోవాలి. ఆ వరుసలోనే పుస్తకం చేతులు మారుతుంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నన్ను తుడిచేస్తారు. అయితే ఐదుగురికి మించి వరుస కట్టిన పుస్తకానికి మాత్రం నా కుడివైపు మూల వదిలేవారు. వరుస పూర్తయ్యేదాకా ఆ మూల మీద గుడ్డ పడకూడదు. ఈ చివరి నియమాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

మొదట్లో నా అంత సంతోషపడ్డ బల్ల ఇంకోటి ఉండదు. ఎవరో కోళ్ల పెంపకం పుస్తకం చదివి, తెగుళ్ల అధ్యాయం బాగుందని రాశారు. ఒకావిడ ఊరగాయల పుస్తకం గురించి రాస్తే ఏడుగురు వరుస కట్టారు. ఆర్నెల్లు తిరిగేసరికి మనుషుల తీరు బయటపడింది. కిటికీ పక్కన కూర్చుని దెయ్యాల నవలలు మింగే లాయరుగారు నా మీద మాత్రం వేదాంత గ్రంథమని రాసేవారు. మందులషాపు యజమాని ఏ పుస్తకానికైనా ఒకటే మాట, "ఆలోచింపజేస్తుంది" అని. ఏమాలోచించాడో ఎన్నడూ రాసిన పాపాన పోలేదు. దెయ్యాల కథ నచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గెందుకో నాకు అర్థం కాదు. దెయ్యానికి లేని సిగ్గు ఈయనకెందుకు?

ఆ గ్రంథాలయం పాఠకుల సంఘానికి అధ్యక్షులు వేదాద్రిగారు. తాలూకా ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఏ కొత్త పుస్తకం వచ్చినా మొదట ఆయన ఇంటికే వెళ్లాలి, మొదటి మాట ఆయనదే ఉండాలి. ఆ ఏడు "లంకలో లాంతరు" అని ఒక అపరాధ పరిశోధక నవల వచ్చింది. కృష్ణా నది లంకల్లో ఒక పడవ సరంగును ఎవరో చంపుతారు, ఎవరు చంపారన్నదే కథ. వేదాద్రిగారు దాన్ని నాలుగు రోజులు ఉంచుకుని వచ్చి, "ముగింపు అద్భుతం" అని రాసి సంతకం పెట్టారు. దాంతో వరుస కట్టారు. లాయరుగారు "ఊహించని ముగింపు" అన్నారు. మందులషాపాయన "ముగింపు ఆలోచింపజేస్తుంది" అన్నాడు. మరొకాయన చివరి పేజీలకు కళ్లు చెమర్చాయని రాశాడు. ఐదో ఆయన "నాదీ అదే మాట" అన్నాడు. నా కుడిమూల నిండిపోయింది.

ఆ వరుసలో ఆరో పేరు దీనమ్మది. ఆమె ప్రెస్సుల వీధిలో ఒక బైండింగు షాపులో పనిచేస్తుంది. అచ్చయిన కాగితాలను మడతపెట్టడం, వరుసగా పేర్చడం, కుట్టడం ఆమె పని. వేళ్లకెప్పుడూ మైదా జిగురు ఉండేది. రోజంతా పుస్తకాలు కుట్టి, అది చాలనట్టు సాయంత్రం వచ్చి ఒకటి తీసుకెళ్లేది. నచ్చకపోతే నచ్చలేదని రాసేది. నా మీద అంత కచ్చితంగా రాసిన మనిషి ఇంకొకరు లేరు, ఆమె సుద్ద పట్టుకుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. మూడు వారాలు ఎదురుచూసి నవల తీసుకెళ్లిన ఆమె, మూడో రోజు తిరిగిచ్చి, కుడిమూలన అందరి కిందా ఇలా రాసింది. "ఆఖరి పదహారు పేజీలు లేవు. ముందు చదివినవాళ్లు ముగింపు చెప్పగలరు."

అంతే రాసింది. మర్యాదగా అడిగింది. దానికి జరిగిందేమిటో చూడండి.

అంతకుముందు ఐదుగురు పెద్దమనుషులు ముగింపు చదివి మెచ్చుకున్నారు. ఆరో మనిషి దగ్గరకొచ్చేసరికి ముగింపు లేదు. కాబట్టి చింపింది ఆరో మనిషే. వేదాద్రిగారు వేసిన లెక్క ఇది. మిగిలిన నలుగురూ తలలూపారు. పుస్తకాన్ని సాక్ష్యమని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం ఉదయం గంటన్నరసేపు సమావేశం జరిగింది. పుస్తకాల విలువ గురించి, కొందరికి సభ్యత్వం ఇవ్వడంలో చేసిన పొరపాటు గురించి మాట్లాడుకున్నారు. ఆ "కొందరు" అన్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్న తీరు నేను మర్చిపోలేను. అంతసేపట్లో ఒక్కరంటే ఒక్కరు ఆ బీరువా తెరిచి పుస్తకం విప్పి చూడలేదు. చదువరుల సంఘమట!

దీనమ్మ సభ్యత్వం తీసేయాలని తీర్మానించారు. అది చాలలేదు వాళ్లకి. ఆ సంగతి అందరికీ తెలిసేలా నా మీద రాయమన్నారు. సుదర్శనంగారు సుద్దముక్క తీసి, కింద పెట్టి, మళ్లీ తీశారు. కాదంటారేమోనని నేను ఆశపడ్డాను. అనలేదు. ఆయన గుండ్రటి అక్షరాలు ఆ రోజు వంకర్లు పోయాయి. "పుస్తకం చింపినవారు: దీనమ్మ, బైండింగు షాపు." నా ఒంటి మీద, నా చేతే, ఆమె పేరు అలా మోయించారు. నా అతుకులు ఊడి కింద పడిపోయినా బాగుండేదనిపించింది. బల్లకు అంత స్వతంత్రం ఎక్కడిది?

సమావేశం ఇంకా ముగియకముందే దీనమ్మ వచ్చింది, వేరే పుస్తకం తీసుకుందామని. నన్ను చూసింది. రెండుసార్లు చదివింది. సుదర్శనంగారి దగ్గరకు వెళ్లి ఆ పుస్తకం ఒకసారి చూపించమని అడిగింది. ఆయన వేదాద్రిగారి వైపు చూడకుండా బీరువా తాళం తీశారు. అంతమాత్రం చేసినందుకు ఆయన్ని సగం క్షమించాను.

ఆమె పుస్తకాన్ని ఆయన టేబులు మీద పెట్టి, చివరికి తిప్పి, కుట్టు దగ్గర వేలు పెట్టింది.

"చింపితే కుట్టు కాడ కాగితం మొదలు మిగులుద్ది సార్. ఇక్కడ ఏమీ లేదు, చూడండి. నూట డెబ్బై ఆరో పేజీ అయిపోయాక మళ్లా నూట అరవై ఒకటి వచ్చింది. పదహారు పేజీల ముందు మడతే రెండుసార్లు కుట్టారు, ఆఖరి మడత వేయలేదు. పేర్చేటప్పుడు మా బోటోళ్లం చేసే పొరపాటే ఇది. కొట్లోంచి వచ్చినప్పుడే ఇట్టా వచ్చింది."

సుదర్శనంగారు కళ్లజోడు సవరించుకుని ఆ పేజీ అంకెలు పైకి చదివారు. దీనమ్మ వేదాద్రిగారి వైపు తిరిగింది. ఆమె గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది ఆమెకి.

"ముగింపు అద్భుతం అని తమరు రాశారుగా సార్. ఆ సరంగుని ఎవరు చంపారో చెప్పండి, చాలు."

వేదాద్రిగారు దగ్గారు. ఈ మధ్య మతిమరుపు వచ్చిందన్నారు. లాయరుగారికి కోర్టు పని గుర్తొచ్చింది, ఆదివారం పూట. మందులషాపాయన మాత్రం మొదటిసారి నిజంగానే ఆలోచనలో పడ్డాడు. కళ్లు చెమర్చినాయన ఎప్పుడు వెళ్లిపోయాడో నేను చూడలేదు.

అప్పుడు వేదాద్రిగారు తడిగుడ్డ తెప్పించి నన్ను మొత్తం తుడిపించారు, కుడిమూలతో సహా. ఆమె పేరూ పోయింది, వాళ్ల అబద్ధాలూ పోయాయి. క్షమించమని ఒక్కరూ అనలేదు. పొరపాటు అచ్చువేసినవాళ్లదని మినిట్సు పుస్తకంలో రాసుకున్నారు. దీనమ్మ తన సభ్యత్వ కార్డు తీసి సుదర్శనంగారి ముందు పెట్టింది. ఉంచుకోమ్మా అని ఆయన బతిమాలారు. "మా పిల్లలు కూడా ఈ దారినే బడికెళ్తారు సార్. వాళ్లు ఇందాక ఆ రాత చూడకపోవడం నా అదృష్టం" అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత సంఘం ఫోన్లోకి మారింది. ఎవరేం చదువుతున్నారో ఇప్పుడు గ్రూపులో పెట్టుకుంటారు. అక్కడ అబద్ధం రాయడానికి సుద్దముక్క కూడా అక్కర్లేదు. నాకు పని లేకపోయింది. ఏడాదిపాటు మెట్ల కింద చీపుళ్లతో ఉన్నాను. ఒకరోజు సుదర్శనంగారే నన్ను ఆటోలో వేసుకుని బైండింగు షాపుకి తీసుకెళ్లారు. పనికొస్తుందేమో చూడమ్మా అన్నారు. దీనమ్మ ఆయనకి టీ తెప్పించింది.

ఇప్పుడు నేను అట్టలు అతికించిన పుస్తకాల దొంతర మీద పడుకుని ఉంటాను. నా మీద రెండు రాళ్లు పెడతారు, జిగురు ఆరేదాకా పుస్తకాలు వంకరపోకుండా. పని గౌరవమైనదే. మధ్యాహ్నం అన్నాలప్పుడు రాళ్లు తీసి నన్ను గోడకు ఆనిస్తారు. ఏ పుస్తకం మడతపెడుతుంటే అదెలా ఉందో ఆడవాళ్లు నా మీద రాస్తారు. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని.

మొన్న ఎవరిదో పాత "లంకలో లాంతరు" అట్ట ఊడి మరమ్మతుకు వచ్చింది. దీనమ్మ చేతులు తుడుచుకుని ముందు చివరి పేజీ అంకె చూసింది. నూట తొంభై రెండు. అన్నం పక్కన పెట్టేసి, ఆ పదహారు పేజీలు అందరికీ పైకి చదివి వినిపించింది. తర్వాత లేచి, సుద్దముక్క తీసుకుని, నా కుడివైపు మూల వెతికి మరీ రాసింది.

"లంకలో లాంతరు. ముగింపు ఏమీ బాగాలేదు."