వానకీ పళ్ళేనికీ మధ్య

"అన్నం ఎక్కడ్నుంచి వస్తుందో చెప్పడానికి కూడా జీతమిస్తారా!" అన్నాడు మొగుడు, పళ్ళెం ముందు కూర్చుని నవ్వుతూ. ఆమె మారు వడ్డించింది. బళ్ళో ఆమె తిండి పాఠం చెప్పే తీరు నచ్చి, మిగతా బడుల టీచర్లకూ నేర్పమని వారం రోజుల శిక్షణకి పైఊరికి రమ్మన్నారు. ఆ సంగతి చెబితే ఆయన అడిగింది ఒక్కటే: "మరి ఇంట్లో వంటో?" అత్తగారు అందుకుంది: "నాలుగు మెతుకులు ఉడకేయడం పెద్ద పనా ఏంట్రా? కాకపోతే ఇంటి ఆడది చెయ్యాలి." పెద్ద పని కాదట, కానీ ఇంకెవరూ చెయ్యకూడదట! ఆమెకు ఒళ్ళు మండింది. అయినా బడికెళ్ళాక రాలేనని చెప్పేద్దామనే అనుకుంది.

ఇన్నేళ్ళూ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన పాఠమే. దారంతో చెప్పడం మాత్రం ఇదే మొదలు. పిల్లల్ని ఆవరణలో గుండ్రంగా నిలబెట్టి, మెడల్లో అట్టలు తగిలించింది. వాన, మట్టి, వానపాము, నాట్లేసే మనిషి, మిల్లు, లారీ డ్రైవరు, మూటలు మోసేవాడు, కొట్టువాడు, చివర తినేవాడు. ఎవరికి ఎవరితో పనుందో వాళ్ళకి ఊలు ఉండ విసరమంది. చూస్తుండగానే ఆవరణంతా దారాలే.

"వానపామూ, కాస్త లాగమ్మా" అంది. ఆ పిల్ల లాగింది. లారీ డ్రైవరు చెయ్యి కదిలింది, కొట్టువాడి చెయ్యీ కదిలింది. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆమెకూ ఒళ్ళు ఝల్లుమంది. ఒక్క ముద్ద కోసం ఇంత లోకం కదలాలా!

చివరికి దారం తినేవాడికి చేరింది. వాడు దోసిలి పట్టి, నోట్లో పోసుకుని, నమలడం మొదలుపెట్టాడు.

"టీచర్! వీడు కొట్లో బియ్యం పచ్చివే మింగేస్తున్నాడు!" అని అరిచింది క్లాసంతా పిడుగని పిలిచే పిల్ల. "వండేవాళ్ళేరీ? అక్కడ మా అమ్మ ఉండాలి కదా!"

"మా ఇంట్లోనైతే మా నాన్న" అన్నాడొకడు.

"సరే, మీ నాన్న కూడా" అంది పిడుగు దయతలచి.

ఆమె కొయ్యబారిపోయింది. అట్టలన్నీ రాసింది తనే. వానపాముని మరిచిపోలేదు. పొద్దున్నే పొయ్యి దగ్గర చెమటలు కక్కుకుని వచ్చిన తనని మరిచిపోయింది. 'పెద్ద పనా' అన్న మాట విని విని, తన పని తన కంటికే ఆనకుండా పోయిందన్నమాట. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

వెళ్ళి కొట్టువాడికీ తినేవాడికీ మధ్య నిలబడి దారం అందుకుంది. అది బిగుసుకుంది. వానా మట్టీ లారీలూ మూటలూ అన్నీ వచ్చి తన వేళ్ళ దగ్గర ఆగాయి. అటుపక్క ఖాళీ పళ్ళెం. ఇంత పెద్ద పనినా తను ఇన్నాళ్ళూ గోడవైపు తిరిగి, తలొంచుకుని చేసింది? మసిగుడ్డలు పిండి పిండి బరకబారిన ఆ చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుంది. వాటికి దణ్ణం పెట్టాలనిపించింది.

సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళి, "శిక్షణకి నేను వెళ్తానండీ" అంది.

"ఇంట్లో అడిగి చెప్తానన్నావు కదమ్మా, అడిగావా?"

"అడిగానండీ" అంది ఆమె. "ఇంక అడగడానికేముంది, వెళ్తున్నానని ఇంటికెళ్ళి చెప్తాను."