తడి కట్టెలు కావు

తడిపిన న్యూస్‌పేపరు ముక్కను చల్లారిన బూడిదలో అద్ది, షాపులో వెలిగించి చూపించే పొయ్యి అద్దం తుడుస్తున్నాను. మోకాళ్ల మీద కూర్చుని ఉన్నానేమో, లోపలికి వచ్చినాయనకు కనిపించలేదు. “ఎవరూ లేరా?” అన్నాడు. లేచి నిలబడి, “చెప్పండి” అన్నాను. ఆయన నన్ను చూశాడు, నా నల్లటి వేళ్లు చూశాడు, తర్వాత నా భుజం మీదుగా వెనక గదిలోకి చూశాడు.

“అది కాదమ్మా, పొయ్యిల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.”

ఆయన పేరు గ్రేమ్ ప్రెస్కట్. ఆయన వెనకే భార్య ఐలీన్, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. గది కొలతలన్నీ దాని మీద పెన్సిలుతో రాసుకొచ్చింది. ఆ కాగితం ఎవరికివ్వాలో తెలియక నాకూ తన భర్తకూ మధ్య గాల్లో పట్టుకుని నిలబడింది.

షెఫీల్డ్‌లో ఈ షాపు మా మామగారు ఆర్నాల్డ్ పెట్టింది. పెళ్లయిన ఏడాది, “రెండు వారాలు కాస్త సాయానికి రా లోర్నా” అన్నాడు నా భర్త డెస్. ఆ రెండు వారాలు పందొమ్మిదేళ్లయ్యాయి. జీతం మాట ఒక్కసారి ఎత్తితే, “రేపు ఇంట్లో కూర వండినందుకు కూడా బిల్లు రాస్తుందిరా నీ పెళ్లాం” అన్నాడు మామగారు, కస్టమర్ల ముందే. డెస్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఆ పరీక్ష పాసైతేనే ఇళ్లలో పొయ్యిలు బిగించే లైసెన్సు. మూడోసారికి చదివించింది నేను. వాడి చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఒక్కో ప్రశ్నా అడిగేదాన్ని. పొగగొట్టం ఎంత ఎత్తుండాలి, కట్టెలో తేమ ఎంతకు మించకూడదు, ఏ పొయ్యికి గోడకు గాలి కన్నం పెట్టాలి. వాడికన్నా ముందు నాకే కంఠతా వచ్చేసింది. పాసయ్యాక ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి కౌంటరు వెనక తగిలించారు. నేను కూడా రాస్తానన్నాను ఒకసారి. “నువ్వు ఇంటి కప్పెక్కితే కింద జనం చిమ్నీని చూడరు” అన్నాడు మామగారు. డెస్ కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ ఫ్రేము మీది దుమ్ము ప్రతి శుక్రవారం తుడిచేది నేనే.

మా ఊళ్లో చిమ్నీలోంచి పొగ కనబడకూడదు. ప్రభుత్వం జాబితాలో ఉన్న పొయ్యే పెట్టుకోవాలి, బాగా ఎండిన కట్టెలే కాల్చాలి. పొగ రాని పొయ్యి అంటే ఏదో మాయ అనుకుంటారు గానీ అందులో ఉన్నదంతా గాలే. కట్టెలోంచి లేచిన పొగకు పైనుంచి వేడిగాలి తగిలితే ఆ పొగ కూడా మండిపోతుంది. గాలి మూసేస్తే కట్టె మగ్గుతుంది, అద్దం నల్లబడుతుంది, పొగ వెళ్లి పక్కింటివాళ్ల పడగ్గదిలో కూర్చుంటుంది. అందుకే గాలి తలుపు పూర్తిగా మూతపడకుండా పొయ్యి అడుగున ఒక స్క్రూ పెడతారు. వేలి గోరంత ఉంటుంది. అది ఉంటేనే ఆ పొయ్యి జాబితాలో ఉన్నట్టు లెక్క.

ఐలీన్ చేతిలోంచి కాగితం నేనే తీసుకున్నాను. ముందు గది, పన్నెండు అడుగులకు పన్నెండు. “మీకు నాలుగు కిలోవాట్ల పొయ్యి చాలండీ, అదే ఎక్కువ. చిన్నదైతే గాలి తెరిచి హాయిగా మండించుకోవచ్చు. పగలు ఇంట్లో ఎవరుంటారు?”

“నేనేనండి. రిటైరయ్యాను. కట్టెలూ బూడిదా అన్నీ నేనే చూసుకోవాలి” అంది ఐలీన్.

“నాకు ఆ రెండు తలుపులది కావాలి” అన్నాడు గ్రేమ్, ఎనిమిది కిలోవాట్ల పొయ్యి చూపించి.

“అది మీ గదికి మరీ పెద్దదండీ. ఉడికిపోతున్నామని గాలి మూసేస్తారు. మూస్తే పొగ…”

వెనక గదిలోంచి డెస్ వచ్చాడు. నా మాట ఎక్కడ తెగిందో కూడా చూడలేదు. “లెక్కలంటే మా ఆవిడకి పిచ్చి సార్. లోర్నా, సార్‌కి టీలో పంచదార ఎంతో కనుక్కో. అది కరెక్టుగా గుర్తుపెట్టుకుంటుంది.” గ్రేమ్ నవ్వాడు. వెనక గదిలో కుర్చీలోంచి మామగారు కూడా నవ్వాడు. ఐలీన్ నవ్వలేదు గానీ నా వైపు చూడటం మానేసింది. రెండు చెంచాలట. కలిపి తెచ్చాను.

పొయ్యి బిగించిన రోజు సాయంత్రం డెస్ పనిలో వేసుకునే ఓవరాల్ ఉతకబోతే జేబులో స్క్రూ దొరికింది. “ప్రెస్కట్ వాళ్లదా?” అన్నాను. “రాత్రంతా నిప్పు నిలవాలన్నాడు ఆయన, తీసేశాను. పొయ్యి కింద దూరి ఎవడు చూస్తాడు?” అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. అప్పగింత పత్రంలో ‘స్క్రూ బిగించబడినది’ అన్న గడిలో టిక్కు పెట్టింది నేను. డెస్ సంతకం చేస్తాడు, మిగతాదంతా నా రాతే. ఆ స్క్రూని వాషింగ్ మెషీను పక్కన ఉన్న ఖాళీ ఆవాల సీసాలో వేశాను. సీసాలో అది మొదటిది కాదు. ఆ మాట మాత్రం నేను తప్పించుకోలేను. మొదటిది దొరికినప్పుడు అడిగాను, రెండోదానికి గొణిగాను, ఆ తర్వాత మూత తీసి వేసి మూత పెట్టడమే.

జనవరిలో, సన్నగా మంచు కలిసిన వాన పడుతున్న రోజు ఐలీన్ ఒక్కతే వచ్చింది. గోళ్ల కింద మసి. నా గోళ్లూ అలాగే ఉంటాయి కాబట్టి ముందు అవే చూశాను. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారట, సిటీ కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చిందట. “నాకు వెలిగించడం చేతకావట్లేదండీ. గది ఉడికిపోతోందని గాలి తగ్గించమంటాడు ఆయన, తగ్గిస్తే అద్దం నల్లబడుతుంది. పొద్దున లేచేసరికి బొగ్గులా ఉంటుంది. దాన్ని ఫొటో తీసి మా అబ్బాయికి పంపిస్తాడు. పబ్‌లో తన స్నేహితులకి కూడా చూపిస్తాడట. ముప్ఫై ఏళ్లు పిల్లలకి సైన్సు చెప్పాను, ఒక కట్టె కాల్చలేనా అని నాకే సిగ్గుగా ఉంది. నేనేం తప్పు చేస్తున్నానో కాస్త రాసివ్వండి.”

నేను నోరు తెరిచేలోపు డెస్ అందుకున్నాడు. “తడి కట్టెలమ్మా. ఆడవాళ్లందరూ చేసే తప్పే. చవగ్గా వచ్చాయని కొనేస్తారు.”

“కాలిస్తే చాలదు తల్లీ, కాల్చడం రావాలి” అన్నాడు మామగారు, కాళ్లు పొయ్యి వైపు చాపుకుని.

కట్టెలు ఎలా ఎండబెట్టాలో చెప్పే కాగితం ఒకటి డెస్ ఆమె చేతిలో పెట్టాడు. అది కూడా నేను రాసిందే. ఆమె నా వైపు చూసింది. నేను చెప్పిందేమిటంటే, మొదటి ఇరవై నిమిషాలు గాలి బాగా తెరిచి ఉంచండి అని. అంతే చెప్పాను. డెస్ అక్కడే నిలబడి ఉన్నాడు కదా, ఇంటికెళ్లాక మళ్లీ నేనే కదా పడాలి అనుకున్నాను. ఆమె నాకు థాంక్స్ చెప్పి, ఆ కాగితం తడవకుండా కోటు లోపల పెట్టుకుని వెళ్లింది. ఆ థాంక్స్ నన్ను నాలుగు రోజులు ముద్ద మింగనివ్వలేదు. ఎవరైనా తిట్టి పోయినా ఇంత బాధ ఉండదు.

మంగళవారం నాకు మధ్యాహ్నం వరకే పని. తేమ కొలిచే మీటరు బ్యాగులో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఐలీన్ కట్టెలు చూపించింది. దుప్పట్లు ఆరబెట్టుకునే వెచ్చటి అలమరలో, దుప్పట్లు బయటికి తీసేసి, కట్టెలు పేర్చింది. ఒక్కోదాన్నీ చీల్చి మీటరు గుచ్చాను. పధ్నాలుగు, పదమూడు, పధ్నాలుగు. ఇరవై శాతం లోపు ఉంటే చాలు. మా షాపులో అమ్మే కట్టెలు కూడా ఇంత పొడిగా ఉండవు. “బానే ఉన్నాయా?” అంది, పరీక్ష ఫలితం అడిగే పిల్లలా. నేను జవాబు చెప్పకుండా కింద పడుకుని పొయ్యి అడుగున వేలు పెట్టాను. స్క్రూ ఉండాల్సిన చోట కన్నం తగిలింది. తగులుతుందని తెలిసే కదా పెట్టాను.

అప్పుడే గ్రేమ్ వచ్చాడు. నన్ను నేల మీద చూసి, “టీ అమ్మాయిని పంపించారా?” అన్నాడు.

“స్క్రూ లేదండీ దీనికి. స్క్రూ లేకపోతే ఇది పొగ పొయ్యే. ఎవరు వెలిగించినా ఇంతే” అన్నాను.

“తెలుసు. నేనే తీయించాను” అన్నాడు కోటు విప్పుతూ.

ఐలీన్ అద్దం తుడుస్తోంది. చెయ్యి ఆగలేదు. “ఎప్పుడు?” అంది.

“మొదటి రోజే. రాత్రి పడుకునేటప్పుడు గాలి మూసేస్తాను, పొద్దున్నదాకా నిప్పుంటుంది. దానికింత గొడవెందుకు?”

“మరి నాకు చేతకాదని అందరికీ…”

“సైన్సు టీచరువి కదా. కనిపెడతావేమో చూశాను.”

ఆయన నవ్వుతూనే అన్నాడు. కోపం ఏమీ లేదు ఆ గొంతులో, నాకు ఇప్పటికీ వినిపించేది అదే. ఐలీన్ గుడ్డ మడిచి బకెట్టు అంచు మీద ఆరేసింది. నన్ను గుమ్మం దాకా పంపడానికి వచ్చింది. గుమ్మంలో అడిగింది, చాలా మెల్లగా, “మీకు తెలుసా?”

“తెలుసు.”

“నేను షాపుకొచ్చి అడిగినప్పుడు?”

“అప్పుడూ తెలుసు.”

ఆమె తలూపింది. తలుపు విసురుగా వెయ్యలేదు. చలి లోపలికి రాకుండా చూసుకుంటూ, జాగ్రత్తగా, గొళ్లెం పడిందో లేదో చూసి మరీ వేసింది.

మర్నాడు పొద్దున డెస్ ఏదో ఇంటి కప్పు మీద పనిలో ఉండగా అప్పగింత పత్రాల పుస్తకం తీశాను. ప్రెస్కట్ వాళ్లది కాక స్క్రూలు తీసిన ఇళ్లు ఇంకా పధ్నాలుగు. ఏ ఇళ్లో నాకు తెలుసు, ఓవరాల్స్ ఉతికింది నేనే కాబట్టి. కౌన్సిల్‌కు ఉత్తరం రాశాను. చిరునామాలన్నీ రాసి, తప్పుడు టిక్కులు పెట్టింది నేనేనని రాసి, కింద నా పేరు రాసి, వీధి చివర పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. వచ్చి ఫోన్ తీశాను. ఉత్తరం అందాక ఆఫీసరు ఆ ఇళ్లకు వెళ్తాడు, పొయ్యి చూస్తాడు, భర్తతో మాట్లాడతాడు. ఆ ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని అద్దం తుడిచే మనిషికి ఎవరూ ఏమీ చెప్పరు. పుస్తకంలో చూస్తే ఒక్క ఆడపేరు లేదు. ‘కస్టమరు’ అన్న గడిలో పధ్నాలుగు మంది మగవాళ్ల పేర్లు, ముత్యాల్లాంటి నా రాతలో.

“మీ ఆవిడ ఉన్నారా? ఆవిడతోనే మాట్లాడాలి” అని ఒక్కొక్కరికీ చేశాను. ఒకావిడ ఏడ్చింది. ఒకావిడ, “మా ఆయనకి చెప్పకండి, నేను కనుక్కున్నానంటే ఇంకో గొడవ” అంది. ఒకావిడ నన్ను తిట్టింది. తిట్టనిచ్చాను.

మూడో ఫోనప్పుడే మామగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “అమ్మాయ్, ఆ ఫోన్ పెట్టెయ్” అన్నాడు. నేను పెట్టకపోయేసరికి డెస్‌కు ఫోన్ చేశాడు. డెస్ వచ్చేసరికి పదమూడు ఇళ్లు అయ్యాయి. వాడు అరవలేదు. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. “ఎవరు నమ్ముతారు లోర్నా? నీకు లైసెన్సు లేదు. జీతం లేదు. కాగితం మీద చూస్తే నువ్వసలు ఈ షాపులో పని చెయ్యట్లేదు. ఇంటికి వెళ్లు.”

“ఏ ఇంటికి?” అన్నాను. నిజంగానే అడిగాను. అడిగి, పధ్నాలుగో నంబరు నొక్కాను.

హోల్డ్స్‌వర్త్ అనే ఆయన ఎత్తాడు, ముసలి గొంతు. ఆవిడతో మాట్లాడాలన్నాను.

“ఆవిడ పోయిందమ్మా. పోయిన మార్చిలో. ఏమిటి సంగతి?”

పొయ్యి గురించన్నాను. ఆయన గొంతులో చిన్న నవ్వు వచ్చింది. “అయ్యో, ఆ పొయ్యా. మా ఆవిడకి చివరిదాకా పట్టుబడలేదు. ఇల్లంతా పొగ పెట్టేది. అంత్యక్రియల రోజు మా పెద్దాడు కూడా అదే చెప్పాడు, అమ్మ ఇక అక్కడ ఎవరికి పొగ పెడుతోందో అని. అందరం తెగ నవ్వాం.”

ఆవిడ తప్పు కాదని చెప్పాను. ఎవరు తీశారో, ఎందుకు తీశారో, ఎవరు అబద్ధం రాశారో, అంతా చెప్పాను. డెస్ నా ఎదురుగానే నిలబడి విన్నాడు. మంట చిటచిటలాడటం వినిపించింది, ఆయన గదిలోదో మా షాపులోదో తెలియలేదు.

“ఇప్పుడు చెప్పి ఏం లాభమమ్మా” అన్నాడాయన.

“ఆవిడ పేరేమిటండీ? నా పుస్తకంలో మీ పేరొక్కటే ఉంది.”

“వినిఫ్రెడ్.”

ఆయన పేరు పక్కన ఖాళీ లేదు. పైన రాశాను. రాశాక అన్నాను, “మిస్టర్ హోల్డ్స్‌వర్త్, ఆ రోజు నవ్విన వాళ్లందరికీ మీరే ఫోన్ చేసి చెప్పండి. ముందు మీ పెద్దబ్బాయికి. రేపు ఇదే టైముకి నేను మళ్లీ చేస్తాను, ఎంతమందికి చెప్పారో అడుగుతాను. ఎల్లుండి కూడా చేస్తాను.”