చిలుకూరు ఎత్తు మీద రెండో గేరు

లారీ అందరూ నడుపుతారు. గేరు దించడం అందరికీ రాదు. ఈ మాట దానియేలు తన నోటితో ఎన్నడూ అనలేదు గానీ, మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ఆ కంకర రోడ్డు మీద అతని పక్కన ఒక్కసారి కూర్చున్నవాళ్ళు అనకుండా ఉండలేదు.

అది యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత లారీ. గేరు పైకి వేయడానికి దానికి పెద్ద పట్టింపులు లేవు. దించేటప్పుడే దాని అసలు గుణం బయటపడేది. ఎత్తు వస్తుంది, బండి ఆయాసపడుతుంది, మూడో గేరులోంచి రెండుకు రావాలి. క్లచ్చి తొక్కి రాడ్డును నడిమికి తేవాలి. క్లచ్చి వదిలి ఇంజనుకు కాస్త రేసు ఇవ్వాలి. మళ్ళీ క్లచ్చి తొక్కి అప్పుడు రెండో గేరులోకి తోయాలి. రెండు తొక్కుళ్ళు, నడుమ ఒక రేసు, అంతా రెప్పపాటులో అయిపోవాలి. లేకపోతే పళ్ళకు పళ్ళు తగిలి గర్రుమంటుంది. దాన్నే డ్రైవర్లు గేరు ఏడ్చిందంటారు. మిగతావాళ్ళు గుడ్డెద్దు చేలో పడ్డట్టు గేర్లు వేసి దాన్ని ఊరూరా ఏడిపించేవాళ్ళు. దానియేలు చేతికింద అది ఏడవగా విన్నవాళ్ళు లేరు.

ఆ ఉదయం మిర్యాలగూడ మిల్లు దగ్గర బియ్యం బస్తాలు ఎక్కుతుంటే సేటు వచ్చి బండి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"దానియేలూ, రేపటి సంది ఈ బండి సూర్యాపేటల ఉంటది. హైదరాబాదు కిరాయిలు దొరికినయ్. నువ్వు గూడ గాడనే ఉండాలె. కోదాడ తొవ్వ ఇయ్యాల్టితోని ఖతం."

"మంచిది సేటూ" అన్నాడు దానియేలు. నోరు ఆ మాట అన్నది గానీ మనసు అప్పటికే చిలుకూరు ఎత్తు దగ్గరికి పోయి కూర్చుంది.

చిలుకూరు దగ్గర ఒక వాగు ఉంది. కోదాడ వైపు పోయేవాళ్ళకు వాగు దాటగానే ఎత్తు. ఎత్తు పైన, రోడ్డుకు కాస్త లోపలగా, కంప కంచె వెనక అతని అత్త అన్నమ్మ ఇల్లు. అతని భార్య సువార్తమ్మ పోయిన ఏటి కోతలప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉంటోంది.

తగాదా పడి వచ్చింది కాదు. తగాదా అయినా బాగుండేది, తగాదాకు రాజీ ఉంటుంది. అప్పుడామె నెలలు నిండిన మనిషి. కాపురం నేరేడుచర్లలో. "పొద్దుగూకక ముందే వస్త, నిన్ను బండిల ఎక్కించుకొని మిర్యాలగూడ దవాఖానకు తీస్కపోత" అని చెప్పి దానియేలు సూర్యాపేట వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు నిద్రకు కళ్ళు మూతలు పడుతుంటే స్టీరింగు రెండో డ్రైవరు ఫూల్‌సింగ్‌కు అప్పజెప్పాడు. ఫూల్‌సింగ్ మంచివాడే, తొందర మనిషి. దిగుడులో ఉరుకుతున్న బండికి రేసు ఇవ్వకుండా రెండో గేరు బలవంతాన తోశాడు. పళ్ళు విరిగి లారీ నడిరోడ్డు మీద కూలబడింది. అసలే అల్లర్ల రోజులు, ఆ దారిన ఇంకో బండి లేదు. దానియేలు నడుచుకుంటూ ఇల్లు చేరేసరికి తెల్లారింది. మంత్రసాని గుమ్మంలో చేతులు కడుక్కుంటోంది. మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు.

సువార్తమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. కాస్త లేవగలిగాక తల్లితో ఎడ్లబండెక్కి చిలుకూరు వెళ్ళిపోయింది. గేరు దించడం నేర్పకుండా మనిషికి స్టీరింగు ఇచ్చింది నేనే కదా అని దానియేలు కుమిలిపోయాడు. "నేను బతికుండంగ ఈ స్టీరింగు ఇంకొకని చేతికియ్య" అని మిల్లులో నలుగురి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు సంగతి చిలుకూరు దాకా పాకింది.

అలా దుఃఖంతో పుట్టింటికి పోయిన ఆడమనిషిని తీసుకురావాలంటే మొగుడు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళ్ళాలి. వాళ్ళు నీళ్ళు తాగి, నాలుగు మంచి మాటలు చెప్పి, బిడ్డను పంపమని అడగాలి. అడగందే పంపడం మర్యాద కాదు. దానియేలుకు అమ్మా లేదు, నాయనా లేడు, సూర్యాపేట మిషన్ హాస్టల్లో పెరిగినవాడు. ఎవరినైనా బతిమాలి తీసుకుపోయినా ఏ మొహం పెట్టుకుని ఆమె ముందు నిలబడాలి? అందుకే వెళ్ళలేదు. బియ్యం లోడుతో ఆ ఎత్తు ఎక్కుతూ మాత్రం పోయేవాడు.

మొదటిసారి ఎక్కుతున్నప్పుడే సువార్తమ్మ కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. పిలవలేదు, నవ్వలేదు, కంచె గుంజ మీద చెయ్యి వేసి చూసింది. ఆ తర్వాత అతను ఎప్పుడు ఎత్తు ఎక్కినా ఆమె వచ్చేది. దుమ్ము లేవడం చూసి వస్తుందని అనుకునేవాడు. ఎత్తు మొదటినుంచి కంచె దాటేదాకా ఎంతసేపని! ఆ కాస్త చూపుతోనే మళ్ళీ వచ్చే లోడు దాకా బతికేవాడు. రాత్రి తిరుగు ప్రయాణంలో ఆ ఇంటి ముందు నుంచి పోతూ, చీకట్లో కంచె కూడా కనపడక, పెద్దగా నిట్టూర్చేవాడు. నేరేడుచర్లలో పొయ్యి మీద అన్నం వండుకుంటే అది సగం మాడేది, సగం ఉడికేది కాదు. దాన్ని మనిషి లేని ఇంటి అన్నం అనుకుని తినేవాడు.

ఈరోజు ఆఖరు. రేపటినుంచి ఆ చూపు కూడా ఉండదు. పెద్దమనుషులు లేకపోతే పోయారు, ఈరోజు ఆమె కంచె దగ్గరికి వస్తే చాలు, బండి ఆపి దిగుతాను, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను అనుకున్నాడు. దారి పొడుగునా ఆమెతో అనవలసిన మాటలు కూడబలుక్కున్నాడు. హుజూర్‌నగర్ దాటేసరికి సగం మరిచిపోయాడు కూడా.

వాగు దాటాడు. ఎత్తు మొదలైంది. లోడు బండి రొప్పసాగింది. కళ్ళు కంచె మీదే ఉన్నాయి. క్లచ్చి తొక్కాడు, రాడ్డు నడిమికి వచ్చింది, చెయ్యి తిన్నగా రెండో గేరులోకి పోయింది. నడుమ రేసు ఇవ్వలేదు.

గర్ర్‌మని గేరు ఊరంతా వినపడేలా ఏడ్చింది.

దానియేలు చెంప మీద కొట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. ఎలాగో సర్దుకుని గేరు వేసి ఎత్తు ఎక్కాడు. కంచె దగ్గర ఎవరూ లేరు. తలుపు తీసే ఉంది, కప్పు మీంచి పొయ్యి పొగ లేస్తోంది. అంటే మనిషి ఇంట్లోనే ఉంది. ఉండీ రాలేదు. ఆపుదామనుకున్న కాలు బ్రేకు మీదికి పోలేదు.

కోదాడలో బస్తాలు దింపుతున్నంతసేపూ అతను హోటలు బల్ల మీద టీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎన్నాళ్ళని చూస్తుంది, విసుగు పుట్టి ఉంటుంది, ఆమెది న్యాయమే అనుకున్నాడు. ఆ న్యాయం గొంతులోంచి దిగలేదు.

"డ్రైవరు గారూ, టీ చల్లారిపోతుందండీ" అన్నాడు హోటలాయన. ఆయనది జగ్గయ్యపేట వైపు.

అప్పుడే ఉప్పలయ్య సైకిలు దిగాడు. సువార్తమ్మ తమ్ముడు. చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయి ఉంది. దానియేలును చూసి నిలబడిపోయాడు.

"బావా! మంచిగనే ఉన్నవా నువ్వు?"

"నాకేమైంది?"

"నీకేమైందో తెల్వకనే గదా పాణం తోకలకొచ్చేటట్టు తొక్కుకుంటొచ్చిన! పొద్దుగాల బండి ఎవడు తోలిండు?"

దానియేలు టీ గ్లాసు పక్కకు జరిపాడు.

"అక్క పొయ్యి కాడ రొట్టె కాలుస్తుండె. గేరు గర్రుమన్నది. అక్క గాడనే కూలబడ్డది. 'బండి ఆయనదే, సెయ్యి ఆయనది గాదు, ఆయన సేతికింద గేరు ఏడ్వది' అన్నది. 'బతికుండంగ ఇంకొకనికియ్య అన్నోడు ఇయ్యాల ఇచ్చిండంటే మనిషికి ఏదో అయింది. ఉరుకు తమ్మీ, కోదాడకు వోయి సూసి రా' అని ఒకటే ఏడుపు. రొట్టె మాడి బొగ్గయింది."

దానియేలు లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"దుమ్ము సూసి వస్తదనుకున్న" అన్నాడు మెల్లగా.

"దుమ్మా! మిలిటరీ లారీలు ఎన్ని పోయినా తల ఎత్తది. ఇంజను సప్పుడు దిగుతది, జర సేపు ఆగుతది, ఒక్కసారి లేస్తది, గర్రుమనకుంట మల్ల అందుకుంటది. గది ఇన్నదంటే సేతుల పని సేతులనే ఇడిసి కంచె కాడికి ఉరుకుతది. మాకు నేర్పింది గూడ, మాకు రాలే."

దానియేలు సైకిలును అమాంతం ఎత్తి ఖాళీ లారీలో పడేశాడు. "ఎక్కు" అన్నాడు.

పొద్దు వాలుతోంది. ఇల్లు వచ్చింది. దానియేలు ఆపలేదు.

"ఇల్లు దాటినవ్ బావా!" అని అరిచాడు ఉప్పలయ్య.

"ఉండు."

దిగుడు దిగి, వాగు దాటి, అవతల చదునులో బండి తిప్పాడు. మళ్ళీ వాగు దాటి కోదాడ వైపు మొహం పెట్టి ఎత్తు అందుకున్నాడు. ఖాళీ బండి, మూడో గేరులోనే ఎక్కేస్తుంది, దించే అవసరమే లేదు. అయినా దించాడు. క్లచ్చి, నడిమి, రేసు, క్లచ్చి. రెండో గేరు వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది.

పైకి వచ్చేసరికి సువార్తమ్మ కంచె దగ్గర లేదు. కంచె దాటి రోడ్డు మీదికే వచ్చేసింది. కొంగు జారిపోయినా చూసుకోలేదు. దానియేలు బండి ఆపి దిగాడు.

"పొద్దుగాల తోలింది ఎవరు?" అంది. ఇన్నాళ్ళకు ఆమె అతనితో అన్న మొదటి మాట అదే.

"నేనే. నువ్వు వస్తవో రావో అని కంచె దిక్కు సూస్తుంటి. రేసు ఇచ్చుడు మర్సిపోయిన."

ఆమె అతని మొహం కేసి చూసింది, చేతుల కేసి చూసింది, నమ్మింది.

"ఆ దినం గూడ నడుసుకుంట వస్తనే ఉంటి" అన్నాడు దానియేలు. కూడబలుక్కున్న మాటల్లో ఇది లేదు. "అందలేదు, సువార్తా."

"నాకు తెల్సు. ఆ దినం పొద్దంత, రాత్రంత నీ గేరు సప్పుడు కోసమే చెవులు పెట్టి పండుకున్న. నొప్పులు గూడ మర్సిపోయి ఇన్న. అది రాలే. అప్పటి సంది ఆ సప్పుడు ఇనుకుంటనే ఉన్న." ఆమె జారిన కొంగు పైకి లాక్కుంది. "రోజూ గిట్ల వోతవ్, ఒక్కనాడన్న దిగవైతివి."

"పెద్దమనుషులు లేరని..."

"నేను పెద్దమనుషులను అడిగిన్నా?"

సువార్తమ్మ లారీ వైపు అడుగు వేసింది. వెనక నుంచి అన్నమ్మ వచ్చింది. మేనల్లుణ్ణి చేసుకోమంటే డ్రైవరును చేసుకుందని కూతురి మీద ఎప్పటినుంచో కోపం ఉన్న మనిషి. అయినా కళ్ళు తుడుచుకుంది. "ఏడ పోతవే? ఇద్దరు పెద్దమనుషులన్న లేకుంట ఎట్ల పంపుత బిడ్డా, నలుగురు ఏమనుకుంటరు?"

"నేనొకన్ని, నా సైకిలొకటి, ఇద్దరమున్నం గద" అన్నాడు ఉప్పలయ్య లారీ మీద నుంచి. "నీళ్ళు తీస్క రా, తాగుతం."

అన్నమ్మ తిట్టుకుంటూనే లోపలికి వెళ్ళి చెంబెడు నీళ్ళూ, కూతురి బట్టల మూటా తెచ్చింది.

సువార్తమ్మ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. దానియేలు బండి తిప్పాడు. రేపు సూర్యాపేటకు పోవాలని చెప్పాడు. "పోదాం" అంది. దిగుడు దిగారు, వాగు దాటారు, అవతలి గట్టు ఎత్తు వచ్చింది. ఆమె భుజం అతని భుజానికి తగులుతోంది. క్లచ్చి తొక్కి రాడ్డు నడిమికి తెచ్చి తిన్నగా రెండులోకి తోశాడు.

గేరు గర్రుమంది.

దానియేలు నాలుక కరుచుకుని ఆమె వైపు చూశాడు. సువార్తమ్మ కళ్ళు తడిగానే ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"ఏడ్వనీ. పక్కనే కూసున్న గద, ఇగ సప్పుడు ఇని గుర్తుపట్టే పనేముంది" అంది.