కూర్చోబెట్టే మనిషి

బొమ్మల చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న నాడీన్‌తో, "నా చొక్కా అయ్యాకే వాళ్ళవి" అన్నాడు ఆమె భర్త వెర్లిన్. ప్రతి పరీక్షకు ముందూ అంటాడా మాట. అని తనే నవ్వుకుంటాడు. అమెరికాలోని విచిటా ఊరి చివర, విమానాలను కూల్చి చూసే ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం. మనుషులకు బదులు మనిషంత బరువున్న బొమ్మల్ని సీట్లలో పెడతారు. వాటి వెన్నులో దెబ్బను కొలిచే పరికరాలుంటాయి. వాటికి బట్టలు తొడగడం, తల ఎక్కడ కొట్టుకుందో మరక పడేలా మొహాలకు రంగు పూయడం, బెల్టు బిగించి కూర్చోబెట్టడం నాడీన్ పని. ఆ బట్టలు ఉతకడం మాత్రం ఎవరి పనీ కాదు. ఎవరి పనీ కానిది చివరికి ఎవరి నెత్తిన పడుతుందో ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది.

ఆమె అత్త ఎడ్నా మంచి మనిషే. "కూర్చోవే తల్లీ, నీకు ఒక్కచోట కాలు నిలవదు" అంటుంది. అంటూనే, "ఆ ఉప్పు ఇటందుకో" అంటుంది. నాడీన్ కుర్చీ పొయ్యికి దగ్గర. పందుల వేలంలో వాళ్ళ నాన్న చేసిన తమాషాను వెర్లిన్ వచ్చిన చుట్టానికల్లా చెబుతాడు. ఆ కథకు మొదలు ఆమెకు తెలుసు, చివర్లో లేచే నవ్వులూ తెలుసు. నడిమి భాగం ఎప్పుడూ వంటింట్లో ఉండగానే అయిపోయేది. ఆమెకు పెద్ద కోరికలేం లేవు. ఒక్క పూటైనా, పళ్ళెంలోది చల్లారకముందే, నలుగురిలో కూర్చుని ఒక మాటను మొదటి నుంచి చివరిదాకా వినాలని ఉండేది. ప్రయోగశాలలో వరసగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న బొమ్మల్ని కాసేపు చూస్తూ నిలబడిపోయేది. రాయిలాంటి బొమ్మల మీద ఈర్ష్యేమిటని తనను తనే తిట్టుకునేది.

ఆ వారం పరీక్ష పెద్దది. పాత విమానం మొండేన్ని క్రేనుతో పైకెత్తి కాంక్రీటు మీద వదిలేస్తారు. ముందు వరసల్లో, రెక్కల దగ్గర, తోక దగ్గర బొమ్మలు. ఏ సీటు కొనుక్కుంటే బతుకుతామన్నది చూడవచ్చినవాళ్ళంతా అడిగే ప్రశ్నే. తోక వైపు కొంత మేలని ఇంజనీర్ల నమ్మకం. వాళ్ళకున్న ఆడబొమ్మ ఒక్కటే. దాన్ని పెద్ద ఇంజనీరు గార్త్ చివరి వరసలో వేయించాడు. దానికి మంచి చోటే ఇచ్చామని అందరూ అనుకున్నారు.

మొండెం పడింది. దుమ్ము అణిగాక లెక్కలు చూశారు. ముక్కు వైపు వాళ్ళు పోయారు. రెక్కల దగ్గరివాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. తోకలో అందరూ క్షేమం, ఆడబొమ్మ తప్ప. దాని వెన్ను నిలువునా విరిగే దెబ్బ. సీటు కాళ్ళు చూశారు, నేల చూశారు, ఏ లోపమూ దొరకలేదు. చివరికి మొండెం పడుతుండగా తీసిన ఫిల్మును నెమ్మదిగా తిప్పి చూసి, గార్త్ నాడీన్‌ను పిలిచాడు.

"ఈమెను కూర్చోబెట్టింది నువ్వేనా?"

"నేనే."

"చూడు. నడుము వెనక్కి ఆనలేదు. సీటు అంచున ఉంది. ఒక కాలు నడవలోకి తిరిగింది, బెల్టు కడుపు మీదికి జారింది. ఎవరికో ఏదో అందివ్వడానికి లేవబోతున్నట్టుంది. ఎవరమ్మా విమానంలో ఇలా కూర్చునేది?"

"తోకలో చోటిచ్చినా దక్కించుకోలేదు పాపం" అన్నాడు పక్కనున్న కుర్ర ఇంజనీరు.

నాడీన్ తెరకు దగ్గరగా జరిగింది. తెర మీది మగబొమ్మలన్నీ దర్జాగా వెనక్కి వాలి ఉన్నాయి. వాటినీ తనే కూర్చోబెట్టింది. ఈ ఒక్కదాని దగ్గరే చేతులు తమంతట తామే, ఇంట్లో తను కూర్చునే తీరులోనే దాన్ని కూర్చోబెట్టేశాయి.

గార్త్ తిట్టలేదు. ఆ ఒక్క సీటునూ పట్టాల బండి మీద మళ్ళీ పరీక్షిద్దాం, ఈసారి సరిగ్గా పెట్టమన్నాడు.

మర్నాడు ఆమె ఆ బొమ్మ మోకాళ్ళకు తన భుజం ఆనించి వెనక్కి నెట్టింది. తుంటి కీళ్ళు బిగుసుకుపోయి ఒక పట్టాన కదలలేదు. ఇంకోసారి నెట్టింది. "కూర్చో" అంది మెల్లగా, ఎవరూ వినకుండా. "నిన్నెవరూ పిలవడం లేదు." వెన్ను సీటుకు ఆనిందాకా నెట్టి, బెల్టు బిగించింది. బండి దూసుకెళ్ళి గోడకు గుద్దుకుంది. గార్త్ అంకెలు చూసి, "ఈసారి బతికింది" అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చున్నారు. ఎడ్నా ఎవరి పెళ్ళి కబురో ఎత్తుకుంది.

"నాడీన్, వెన్న" అన్నాడు వెర్లిన్, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

ఆమె మడమలు అప్పటికే నేల వదిలాయి. వాటిని మళ్ళీ కింద పెట్టింది. జరిగి, జరిగి, కుర్చీ లోపలిదాకా జరిగింది.

"వెన్న బల్ల మీదే ఉంది వెర్లిన్. నీ చెయ్యి అందుతుంది" అంది. తర్వాత అత్త వైపు తిరిగి, "చెప్పండి, పెళ్ళికూతురు ఏమందట?" అని అడిగింది.

ఎడ్నా కొడుకు వైపోసారి చూసి, చెప్పడం మొదలుపెట్టింది. నాడీన్ వెనక్కి వాలింది. ఆ కుర్చీలు తను పెళ్ళయిన కొత్తలో ఏరి కొన్నవే. వాటికి వీపు ఆనేచోట మెత్తని వంపు ఒకటి చెక్కి ఉందని ఆమెకు ఇవాళే తెలిసింది.