ఫొటోకి సరిపోయే రంగు

"రొట్టెల కొట్టుకి వెళ్ళినా సరే, గుర్తింపు కార్డు సంచిలో పెట్టుకో" అన్నాడు హాతిమ్.

అప్పుడు సాదియా మొగుడి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు మీద చెయ్యి ఆగిపోయింది. పుట్టింది ఈ గాబెస్ ఊళ్ళోనే, చదివింది ఇక్కడే, ఏళ్ళ తరబడి ఈ ఊరి హైస్కూల్లోనే పిల్లలకి అరబ్బీ చెబుతోంది. అలాంటిది ఒళ్ళు నలుపైనందుకు, సందు చివర రొట్టె కొనుక్కోవడానికి తాను ట్యునీషియా మనిషినేనని కార్డు చూపించుకోవాలట. ఎందుకని అడిగింది, ఎందుకో తెలిసే. "ఎందుకేమిటి, బయట గొడవగా ఉంది. నీ మంచికే చెబుతున్నా" అన్నాడు, చొక్కా కోసం చెయ్యి చాపుతూ. బయట వాన పడుతోంది, గొడుగు పట్టుకెళ్ళు అన్నంత తేలిగ్గా అన్నాడు. ఆ గొడవ పెట్టినాయన దగ్గరే కదా హాతిమ్ ఉద్యోగం చేస్తున్నది! ఆ చొక్కా వేసుకుని వెళ్ళేదీ అక్కడికే కదా!

ఆయన పార్లమెంటు సభ్యుడు సహబీ గారు. హాతిమ్ ఆయన ఆఫీసు వ్యవహారాలు చూస్తాడు. కిందటి నెల రేడియోలో మాట్లాడుతూ ఆయన, "నల్లమూకలు మన మీద పడుతున్నాయి. ఇప్పుడే ఊడ్చి పారెయ్యకపోతే రేపు మన పిల్లల రంగే మారిపోతుంది" అన్నారు. ఎడారి అవతలి దేశాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ మీద ఆ మాట. రంగు పేరుతో మనిషిని అవమానిస్తే నేరమని చట్టం చేసుకున్న దేశమే ఇది. మర్నాటికల్లా ఇళ్ళ యజమానులు ఆ జనం పరుపులూ గిన్నెలూ వీధిలోకి విసిరేశారు. సాదియా కూతురు రిహాబ్‌కి జడలు అల్లే అజువా, ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన పిల్ల, చంటిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని బస్టాండులో కూర్చుంది. ఇంటికి తీసుకొస్తానంటే అత్తగారు మనేనా గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మాకు నువ్వొక్కదానివి చాల్లేవే తల్లీ. ఇద్దరైతే మీలో మా కోడలెవరో మాకే తెలీదు" అని నవ్వింది. అది హాస్యమట. హాతిమ్ కూడా నవ్వాడు. తర్వాత గదిలోకి వచ్చి, "అమ్మ సంగతి తెలుసుగా, మనసులో ఏమీ ఉండదు" అన్నాడు. మనసులో ఉన్నదంతా నోట్లోకి వచ్చేస్తుంటే ఇంకా మనసులో ఏం మిగులుతుంది?

ఆ రేడియో మాట ఎత్తితే హాతిమ్‌ది ఒకటే జవాబు. "నిన్ను కాదు కదా ఆయనన్నది." ఆ సంగతి వీధిలో వాళ్ళకి ఎవరు చెప్పాలి? మొన్న బడికి వెళుతుంటే మోటారుసైకిలు మీద ఇద్దరు కుర్రాళ్ళు దగ్గరగా వచ్చి, "మీ దేశం పో" అని అరిచారు. "మీ అక్క నా దగ్గరే చదువుకుని ఉంటుంది, అడుగు పో" అని ఊరి యాసలోనే తిరిగి అరిచింది. వాళ్ళు విరగబడి నవ్వారు. "ఒరేయ్, మన యాస కూడా పట్టేసిందిరా ఇది!" ఆ రోజు క్లాసులో సుద్దముక్క చేతిలో పట్టుకుని ఏం రాయాలో మర్చిపోయి నిలబడింది. ఇంటికొచ్చి వంట చేసింది, అంట్లు తోమింది, అత్తగారి మోకాళ్ళకి నూనె రాసింది. చెప్పుకోవాలనిపించింది కానీ ఎవరికి చెప్పాలో తోచలేదు. చెబితే మళ్ళీ నిన్ను కాదు అంటారు.

ఈ ఇంట్లో మొదటి నుంచీ అంతే. పెళ్ళైన కొత్తలో హాతిమ్ చెల్లెలి పెళ్ళికి మనేనా ఆమె చేతిలో ధూపం కుండ పెట్టి, పెళ్ళికూతురికి ముందు నడవమంది. సాదియా మురిసిపోయింది, పెద్ద కోడలిని గౌరవించారనుకుని. ఆ సాయంత్రం వంటింట్లో ఎవరో ముసలావిడ చెబితే అర్థమైంది. నల్ల మనిషి ధూపం పట్టుకుని ముందు నడిస్తే పెళ్ళికూతురికి దిష్టి తగలదట. దిష్టి అంతా ఆ నల్ల మనిషే తీసుకుపోతుందట. పాతకాలంలో ఆ పని ఇంటి దాసీ చేసేది. ఇప్పుడు దాసీలు లేరు, కోడలు ఉంది. ధూపం అయిపోయాక కుటుంబమంతా ఫొటో దిగారు. అప్పుడు మాత్రం, "సాదియా, కాస్త లోపల టీ సంగతి చూడవే" అన్నారు. చుట్టాల పెళ్ళి ఎక్కడ జరిగినా "మా వసీఫని పంపిస్తాలే" అని మనేనా ముద్దుగా మాటిచ్చేస్తుంది. వసీఫ అంటే దాసీ. ముద్దుగా అంటే మాట అర్థం మారిపోతుందని ఆవిడ నమ్మకం. సాదియా ఎన్ని పెళ్ళిళ్ళకి నడిచిందో! ఇంటి శాంతి కోసం నడిచింది, మొగుడి మొహం చూసి నడిచింది.

ఇప్పుడేమో విదేశాల పత్రికలు సహబీ గారి మాటని ఏకేశాయి. దాంతో ఆయనకి ఉన్నట్టుండి సమానత్వం గుర్తొచ్చింది. పురపాలక సంఘం హాల్లో వర్ణవివక్ష వ్యతిరేక దినం జరుపుతారట. "మనమంతా ఒకే కుటుంబం" అని బేనరు కట్టారట. హాతిమ్ భోజనం దగ్గర మెల్లగా విషయం తీశాడు. "మన రిహాబ్ ధూపం పట్టుకుని ఆయన ముందు నడుస్తుంది. ఆయన దాని తల నిమురుతారు, ఫొటో తీస్తారు. రెండు నిమిషాల పని. పేపర్లవాళ్ళ నోళ్ళు మూతపడతాయి."

"రిహాబ్ నడవదు" అంది సాదియా.

"నువ్వు నడవలేదా? నీకేం తరిగిపోయింది?" అంది మనేనా, కుస్కుస్ రవ్వలో మాంసం ముక్క వెతుక్కుంటూ.

"నాకేం తరిగిందో మీకు తెలీదు అత్తయ్యా. నా పిల్ల చేతికి మాత్రం ఆ కుండ రాదు."

హాతిమ్ ఆ మాట వదిలేసి నీళ్ళగ్లాసు అందుకున్నాడు. ఒప్పుకున్నాడనుకుంది. అంత మాత్రానికే అతని మీద కాస్త ప్రేమ కూడా కలిగింది, పిచ్చిది.

కార్యక్రమం రోజు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. రిహాబ్ యూనిఫాం మంచం మీద పడి ఉంది, పండగ గౌను బీరువాలో లేదు. సాదియా చేతిలో సంచి అక్కడే పడేసి పరుగెత్తింది. కార్డూ లేదు, పర్సూ లేదు. దారిలో ఎవరు ఏమన్నారో చెవిన పడలేదు.

హాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. వేదిక మెట్ల దగ్గర రిహాబ్ పొగలు కక్కే కుండ పట్టుకుని నిలబడి ఉంది. పక్కనే మనేనా పిల్ల గౌను సర్దుతోంది. సహబీ గారు వంగి పిల్ల మొహంలోకి చూసి, హాతిమ్‌తో అన్నారు: "ఏమిటయ్యా ఇది, పిల్ల నల్లగానే లేదు! ఫొటోలో మనలాగే పడుతుంది. ఇంకాస్త నలుపు కావాలి. తల్లి రాలేదా?"

హాతిమ్ కంగారుగా చుట్టూ చూశాడు. గుమ్మంలో సాదియా కనబడింది. అతని మొహం ఒక్కసారిగా తేటపడింది. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆమెని చూసి అంత సంతోషపడటం ఇదే మొదటిసారి. "అదిగో సార్, వచ్చేసింది" అన్నాడు.

ఆ మొహం చూశాక సాదియాకి అతని గురించి తెలుసుకోవలసింది ఇంకేమీ మిగల్లేదు. కోపం కూడా రాలేదు, అదే ఆమెకి ఆశ్చర్యం. నేరుగా కూతురి దగ్గరికి నడిచింది. రిహాబ్ కళ్ళెత్తి, "అమ్మా, నేను ఇంకా నల్లగా పుడితే బాగుండేదా?" అంది.

కోపం అప్పుడు వచ్చింది. కుండ పిల్ల చేతుల్లోంచి తీసుకుని మనేనా చేతుల్లో పెట్టింది. "పట్టుకోండి అత్తయ్యా, వేడిగా ఉంటుంది" అంది. ఆవిడ నోరు తెరిచేలోపు రిహాబ్ చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది.

సహబీ గారు చేతులు చాచి ఎదురొచ్చారు. "ఈమె మా హాతిమ్ భార్య, మా ఇంటి ఆడపడుచు. మేం ఎవరి రంగూ చూడం" అని మైకులో చెప్పి, చప్పట్లు మోగుతుండగా ఫొటో కోసం ఆమె పక్కకి జరిగారు. కింద నుంచి హాతిమ్ నవ్వమని సైగ చేస్తున్నాడు. సాదియా చప్పట్లు ఆగేదాకా నిలబడింది. క్లాసులో అల్లరి తగ్గేదాకా నిలబడటం ఆమెకి అలవాటే. తర్వాత గొంతు పెంచకుండా, మైకుని ఆయన మూతి దగ్గరికి జరిపి అంది:

"సహబీ గారూ, రేడియోలో అన్న మాట ఇప్పుడు నా కూతురి కళ్ళలోకి చూస్తూ ఇంకోసారి అనండి. ఫొటో అప్పుడు తీసుకుందాం."